ఒపానిన్ బాడు గారి ఎనిమిది పేజీలు

శుక్రవారం ఉదయం ఎనోక్ అఫ్రియే వేసుకున్న పథకం చాలా చిన్నది. పెందలాడే చర్చి ఆఫీసు తెరవాలి, కోత పండుగ పుస్తకాలు అచ్చు తీయాలి, మధ్యాహ్నానికల్లా మడతలు పెట్టి పిన్నులు కొట్టేయాలి, సాయంత్రం ఇంటికొచ్చి కాళ్ళు చాపుకోవాలి. బెక్వాయిలో ఆ చర్చికి అతనే గుమాస్తా, అతనే టైపిస్టు, గంట కొట్టేవాడు రాకపోతే గంట కొట్టేవాడు కూడా అతనే.

"గ్రేస్ వాళ్ళ నాన్నా, ఆ ప్రింటరు ఈసారైనా మీ మాట వింటుందా?" అంది భార్య కంఫర్ట్, మొక్కజొన్న గంజి గిన్నె ముందు పెడుతూ.

"వినక్కర్లేదు. చెప్పిన పని చేస్తే చాలు."

"ఇన్నేళ్ళుగా మీ గురించి నేననుకుంటున్నదీ అదే," అంది కంఫర్ట్, బొబ్బర్ల వడ ఒకటి ఎక్కువే వేస్తూ.

ఆ ఏడాది పుస్తకంలో పాటలు, ప్రార్థనలు, వందన సమర్పణలు అన్నీ ఒక ఎత్తు, అట్ట మీది పేరు ఒక్కటీ ఒక ఎత్తు. ఆ పేరు ఒపానిన్ బాడు గారిది; ఒపానిన్ అంటే అక్కడ పెద్దమనిషికిచ్చే గౌరవం. ఆయన ఊళ్ళో పాతకాలం కోకో వ్యాపారి, కోపానికి కూడా పాతకాలం వాడే. కొన్నేళ్ళ కిందట ఇలాంటి కోత పండుగ రోజునే ఆయన కుర్చీలో కుమాసీ పట్నం నుంచి వచ్చిన అతిథినెవరినో కూర్చోబెట్టారు. ఆయన భుజం మీది వస్త్రం సర్దుకుని లేచి వెళ్ళిపోయాడు. ఆనాటి నుంచి మళ్ళీ గుడి గడప తొక్కలేదు. ఆదివారాలు తన ఇంటి అరుగు మీదే కూర్చుని, చర్చి మైకులోంచి వినబడే ప్రసంగానికి అక్కడి నుంచే ఎదురు సమాధానాలు చెబుతూ ఉంటాడు. పాస్టర్ అమోఆ గారు ఏడాది పొడుగునా ఆ అరుగు చుట్టూ తిరిగి, బతిమాలి, ఎట్టకేలకు ఈ పండుగకి అధ్యక్షుడిగా రావడానికి ఒప్పించారు.

"వస్తాను. కానీ పుస్తకంలో నా పేరుకీ నా మర్యాదకీ ఏమాత్రం లోటు జరిగినా గేటు దగ్గర నుంచే వెనక్కి తిరుగుతాను," అన్నాడట ఆయన.

"ఎనోక్, ఆ పెద్దాయన మళ్ళీ గుళ్ళో అడుగు పెట్టడం ఇక నీ చేతుల్లో ఉంది నాయనా," అన్నారు పాస్టర్ గారు. ఆ మాట దగ్గర నుంచి ఎనోక్ కి నిద్ర సరిగా లేదు.

ఆ ఆఫీసులో ఏ పుస్తకమూ మొదటి అక్షరం నుంచి తయారు కాదు. అక్కడ అచ్చయ్యేవి ఎక్కువగా అంత్యక్రియల పుస్తకాలే. అట్ట మీద పోయినవారి ఫొటో, లోపల భార్య నివాళి, పిల్లల నివాళి, సంఘం నివాళి. కిందటి పుస్తకం తెరవడం, ఫొటో మార్చడం, పాత పేరు ఉన్న చోటల్లా కొత్త పేరు పెట్టమని కంప్యూటరుకి చెప్పడం, ఆ తర్వాత తీరిగ్గా మిగతావి దిద్దుకోవడం. ఎనోక్ పద్ధతి అదే. పెళ్ళి పుస్తకమైనా, కోత పండుగ పుస్తకమైనా పునాది మాత్రం చావు పుస్తకమే.

కాబట్టి ఆ ఉదయం అతను పోయిన నెల కన్నుమూసిన చర్చి బోధకుడు, క్యాటకిస్టు గారి పుస్తకం తెరిచాడు. ముందుగా ముఖ్యమైన పని చేశాడు. ఒపానిన్ బాడు గారి ఫొటో పెట్టాడు, పేరు మార్చాడు, ఆదివారం తేదీ వేశాడు. పైన ఉన్న 'మహిమలోకి పిలుపు' అన్న శీర్షికా, లోపలి నివాళులూ టీ తాగాక తీసేద్దామనుకున్నాడు. ఫొటో నల్లగా వస్తుందేమో చూద్దామని ఒక కాపీకి నొక్కాడు.

ప్రింటరు కదల్లేదు.

తెర మీద మాత్రం 'అచ్చు పూర్తయింది' అని వచ్చింది. ఎనోక్ ప్రింటరు ట్రే చూశాడు. కింద చూశాడు. వెనక చూశాడు. మళ్ళీ నొక్కాడు. మళ్ళీ 'అచ్చు పూర్తయింది'. గోడకి బిగించిన చిన్న డబ్బా మీద పచ్చ దీపం హుషారుగా మెరిసింది. దాన్ని ప్రింట్ సర్వర్ అంటారు. ఆఫీసులో ఉన్న కంప్యూటర్లన్నీ తమ కాగితాలు దానికి అప్పజెబితే, అది వాటిని వరసలో నిలబెట్టి ప్రింటరుకి పంపుతుంది. ఎనోక్ దాని తీగ పీకి మళ్ళీ పెట్టాడు. ప్రింటరుని ఆపి మళ్ళీ లేపాడు. వీపు మీద ప్రేమగా ఒకటిచ్చాడు. తర్వాత అంత ప్రేమ లేకుండా ఇంకొకటిచ్చాడు. నొక్కినప్పుడల్లా 'అచ్చు పూర్తయింది'.

"ఇది పచ్చి అబద్ధాలాడుతోంది పాస్టర్ గారూ," అన్నాడు, అప్పుడే లోపలికి వచ్చిన పాస్టర్ అమోఆ గారితో.

"మిషన్లు అబద్ధమాడవు ఎనోక్. మనకే అర్థం కాదు," అన్నారాయన. అని ప్రింటరు మీద చెయ్యి ఉంచి కళ్ళు మూసుకున్నారు. ఎనోక్ కూడా మూసుకున్నాడు. ఇనుముకీ ప్లాస్టిక్ కీ ప్రార్థన అందుతుందా అన్న సందేహం అతనికి లేకపోలేదు. కానీ లోకంలో ప్రార్థన అందని చోటు ఇదీ అని గీత గీయడానికి తానెవరు? పాస్టర్ గారు ఆమెన్ అనగానే పచ్చ దీపం టకటకా మెరిసింది.

"చూశావా! ఇప్పుడు ఒకటి కాదు, ఇరవై అడుగు. విశ్వాసం ఉన్నవాడు ఒక్కటి అడక్కూడదు."

ఎనోక్ ఇరవై అడిగాడు. 'అచ్చు పూర్తయింది.' పాస్టర్ గారు గాలి కోసం వరండాలోకి వెళ్ళారు.

ఎనోక్ బల్ల కిందికి దూరి తీగలు ఒక్కొక్కటీ పట్టుకుని లాగి చూస్తున్నాడు. అప్పుడే కిటికీ రెక్కల్లోంచి మేడమ్ సఫోవా గొంతు వినబడింది. గోడ అవతలి మిషన్ స్కూలుకి ఆవిడ హెడ్ మిస్ట్రెస్. మామూలుగా ఆ గొంతు వింటే కాంపౌండులో మేకలు కూడా వరస కడతాయి. ఇవాళెందుకో జలుబు చేసినట్టుంది.

"పాస్టర్ గారూ, మాకిప్పుడే తెలిసింది, ఒపానిన్ బాడు గారి సంగతి. ఇంత హఠాత్తుగానా!"

"మేమూ ఊహించలేదమ్మా. ఏడాదిగా ప్రార్థిస్తున్నాం. పోయిన నెల ఉపవాసం కూడా ఉన్నాం. ఎట్టకేలకి దేవుడు ఆలకించాడు."

మేడమ్ చెప్పులు ఒకడుగు వెనక్కి వేసిన చప్పుడైంది.

"దీనికోసం... ఉపవాసమున్నారా?"

"మరి ఊరికే అవుతుందా అమ్మా? ఆయన గట్టి పిండం. ఎన్నిసార్లు దగ్గర దాకా వచ్చి జారిపోయాడో!"

"ఇంట్లో వాళ్ళెలా ఉన్నారు?"

"ఆనందంగా ఉన్నారు. ముఖ్యంగా ఆయన భార్య. ఇన్నాళ్ళకి మనశ్శాంతి పాస్టర్ గారూ అంది, పాపం."

"ఆదివారమేనన్న మాట."

"ఆదివారమే. మేమే కారు పంపుతున్నాం. లోపలికి తెచ్చి ముందు భాగంలో, అందరికీ కనబడేలా ఉంచుతాం. మీ పిల్లల చేత ఒక పాట పాడించండి. కాస్త హుషారైన పాట."

"హుషారైనదా," అంది మేడమ్ నీరసంగా. చెప్పుల చప్పుడు తొందరగా దూరమైంది.

మేడమ్ కి ఒంట్లో బాగున్నట్టు లేదనుకున్నాడు ఎనోక్, బల్ల కింద నుంచి. అనుకుని, తీగలతో ఇంకో గంట కుస్తీ పట్టి, చివరికి ఆ ప్రింటరు బిగించిపెట్టిన కుమాసీ రిచ్‌మండ్ కి ఫోన్ చేశాడు. రిచ్‌మండ్ ఫుఫు తింటున్నాడు. మాటల మధ్య ముద్ద దిగే దాకా ఆగాలి.

"అన్నా, రాత్రి కరెంటు పోయిందా మీకు?"

"పోని రాత్రి చెప్పు, గుర్తుంటుంది."

"అయితే ఇంకేం. విను. మీ కాంపౌండులో ఉన్న ప్రతి మిషనుకీ రౌటరు ఒక నంబరిస్తుంది, ఇంటి నంబరు లాగ. కరెంటు పోయి వచ్చిందనుకో, మళ్ళీ కొత్తగా పంచుతుంది. ముందు లేచినవాడికి ముందు." ముద్ద దిగింది. "మీ ప్రింటరు లేటుగా లేచుంటుంది. దానికి వేరే ఇల్లు దొరికింది. సర్వరుకి ఆ సంగతి తెలీదుగా, పాపం. పాత ఇంటికే పంపుతోంది."

"పాత ఇల్లు ఖాళీగా ఉంటే కాగితాలు తిరిగిరావాలిగా?"

"ఖాళీగా ఉంటే తప్పు చూపించేది. 'పూర్తయింది' అంటోందంటే అక్కడ ఎవరో కాపురముంటున్నారు అన్నా. తలుపు తీసి అందుకుంటున్నారు."

"ఎవరు?"

"మీ దగ్గర అలాంటి ప్రింటరే ఇంకొకటి ఉందా?"

ఎనోక్ తల బల్లకి ఠంగుమని తగిలింది. ఉంది. ఒకే విరాళంలో, ఒకే లారీలో కవలల్లా రెండు ప్రింటర్లు వచ్చాయి. రెండోది స్కూలు ఆఫీసులో ఉంది. డబ్బు కలిసొస్తుందని రెండు ఆఫీసులకీ ఇంటర్నెట్టు కూడా ఒక్కటే పెట్టుకున్నారు.

అతను మెల్లగా బయటికి పాకి తెర వైపు చూశాడు. పైన 'మహిమలోకి పిలుపు'. కింద ఒపానిన్ బాడు గారు గంభీరంగా అతని వైపే చూస్తున్నారు.

స్కూలు ఆఫీసులో గుమాస్తా ఆంటీ వివియన్ కళ్ళు తుడుచుకుంటూ కూర్చుని ఉంది. ఆవిడ చేతిలో పుస్తకం, ఒళ్ళో ఇంకో నాలుగు.

"ఎంత మంచివాడు ఎనోక్! ఇది చదివేదాకా నాకు తెలియనే తెలీదు. నీ ప్రింటరు పాడయిందని ఇక్కడికి పంపావు కదూ? సగంలో కాగితం అయిపోయింది. మేడమ్ పట్టుకెళ్ళినదానికి వెనక ఎనిమిది పేజీలూ రాలేదు. కొత్త కట్ట పెట్టనా?"

"వద్దు! ఆంటీ, మేడమ్ ఎక్కడ?"

"ఇంకెక్కడ, ఆ పెద్దాయన ఇంటికే వెళ్ళింది. మాస్టర్లందరినీ నల్లబట్టలు కట్టించి తీసుకెళ్ళింది."

"అయ్యో, ఒక్క ఫోన్ చేసి కనుక్కోవచ్చుగా!"

ఆంటీ వివియన్ కి ఏడుపు ఆగి కోపం వచ్చింది. "ఏమయ్యా, నువ్వు ఈ ఊళ్ళోనే పుట్టావా? పోయారా అని ఫోన్లో అడుగుతారా ఎవరైనా? ఇంటివాళ్ళు నోరు విప్పేదాకా మనకి తెలియనట్టే ఉండాలి. వెళ్ళి కూర్చుంటే, మంచినీళ్ళిచ్చి వాళ్ళే చెబుతారు."

ఎనోక్ మూడు చక్రాల బండి ఎక్కి ఒపానిన్ బాడు గారి ఇంటికి చేరేసరికి మంచినీళ్ళు ఇవ్వడం అయిపోయింది. మామిడి చెట్టు నీడలో మాస్టర్లు నల్లగా, వరసగా, తలలు దించుకుని కూర్చున్నారు. పక్కన పరామర్శకి తెచ్చిన మాల్టు పానీయం సీసాల పెట్టెలు. మధ్యలో మేడమ్ సఫోవా, ముఖం పాలిపోయి, చేతిలో ఉన్నదానితో వేగంగా విసురుకుంటోంది. ఎందుకంటే ఎదురుగా, అతిథులు వస్తే మర్యాద ప్రకారం వాళ్ళ రాకకి కారణం అడగడానికి, ఇంటి పెద్ద స్వయంగా వచ్చి కూర్చున్నాడు.

"ఇక్కడంతా ప్రశాంతమే," అన్నాడు ఒపానిన్ బాడు, తరతరాల పద్ధతిలో. "నడిచొచ్చింది మీరు. మీ కబురు చెప్పండి."

అందరి తరఫునా మాట్లాడవలసినవాడు లెక్కల మాస్టరు ఒబెంగ్. దారి పొడుగునా చక్కగా కూర్చుకున్న మాటలతో అప్పటికే లేచి నిలబడి ఉన్నాడు. కూర్చోవడానికీ లేదు, మాట్లాడడానికీ లేదు.

"నానా," అన్నాడు, పెద్దలని గౌరవంగా పిలిచే పిలుపుతో, "మేం... చెడ్డ కబురేం తేలేదు. ఊరికే... తమరెలా ఉన్నారో చూసిపోదామని."

"నల్లబట్టల్లోనా?"

"స్కూల్లో కొత్త యూనిఫారం, నానా."

"మాల్టు పెట్టెలు?"

"ఎండగా ఉందని, నానా."

ముసలాయన చూపు మెల్లగా మేడమ్ చేతిలో ఊగుతున్న విసనకర్ర మీదికి వెళ్ళింది. ఆ విసనకర్ర మీద ఎవరో తెలిసిన ముఖం. "అదిలా ఇవ్వమ్మా," అన్నాడు. మేడమ్ అటూ ఇటూ చూసింది. ఆదుకునేవాళ్ళెవరూ లేరు. ఇచ్చేసింది. అప్పుడే గేటు లోపల అడుగు పెట్టిన ఎనోక్ కి నిలబడ్డ చోటే భూమి చీలితే బాగుండుననిపించింది.

ఒపానిన్ బాడు కళ్ళజోడు పెట్టుకుని అట్ట చూశాడు. చాలాసేపు చూశాడు. పేజీ తిప్పాడు. లోపలికి కేక పెట్టాడు.

"ఫోరివా! ఇలా రా. నువ్వు నాకు నివాళి రాశావట."

భార్య ఫోరివా గరిటెతోనే బయటికి వచ్చింది. ఆయన పైకి చదివాడు. "'నా భర్త బాడు ఏనాడూ గొంతు పెంచి ఎరగడు. భోజనం ఆలస్యమైతే చిరునవ్వు నవ్వేవాడు.'"

"నేనా! నేనలా రాస్తానా? గుడికి పోయే మనిషిని, అన్ని అబద్ధాలా!" అంది ఫోరివా.

మాస్టర్లలో ఎవరికో దగ్గొచ్చింది. ముసలాయన పట్టించుకోలేదు. "'తనను అవమానించినవారిని ముందుగా తానే పలకరించేవాడు.'" ఆ వాక్యం దగ్గర ఆగాడు. మళ్ళీ ఒకసారి, ఈసారి లోపల్లోపలే చదువుకున్నాడు. తర్వాత తలెత్తి, "ఇదెవరి పని?" అన్నాడు.

ఎనోక్ ముందుకొచ్చి, చెప్పులు విడిచి, పెద్దల ముందు మర్యాదకి భుజం మీది వస్త్రం దించి నిలబడ్డాడు. కరెంటు పోవడం దగ్గర నుంచి అంతా చెప్పాడు. ప్రింటరు ఇల్లు మారిన సంగతీ, సర్వరు పాత ఇంటికి పంపిన సంగతీ, క్యాటకిస్టు గారి పుస్తకంలో పేరు మార్చిన సంగతీ. "తప్పు నాది నానా. పాస్టర్ గారికి ఏమీ తెలీదు. దయచేసి ఆదివారం మాత్రం..."

"ఉండు. ఇది క్యాటకిస్టు పుస్తకం అన్నావు. అంతకుముందు ఎవరిది?"

"మామే సెర్వా గారిది, నానా. భర్త అని ఉన్న చోట భార్య అని ఉండేది."

"అంతకుముందు?"

ఎనోక్ గొంతు సవరించుకున్నాడు. "టాక్సీ యూనియన్ పెద్ద బోన్సు గారిది."

"బోన్సు! గొంతు పెంచి ఎరగడా! వాడు అరిస్తే ఇక్కడ మా కోళ్ళు గుడ్లు పెట్టడం మానేసేవి." ముసలాయన పుస్తకం ఒళ్ళో పెట్టుకున్నాడు. "అయితే మన ఊళ్ళో ఇన్నేళ్ళుగా పోతున్నది ఒక్క మనిషేనన్నమాట. మళ్ళీ మళ్ళీ పోతున్నాడు."

ఎవరూ నవ్వలేదు. నవ్వచ్చో లేదో తెలియలేదు. మేడమ్ సఫోవా సన్నని గొంతుతో, "నానా, మేం నిజంగానే ఏడ్చాం," అంది.

"ఏడ్చారా? ఎవరెవరు?"

"అందరం. ఒబెంగ్ మాస్టరైతే దారంతా."

ఒబెంగ్ మాస్టరు ఇంకా నిలబడే ఉన్నాడు. ముసలాయన అతన్ని కింద నుంచి పైదాకా చూసి, "నీ పొలం గట్టు విషయంలో నేను నిన్ను పంచాయితీకి లాగాను కదూ," అన్నాడు.

"అవును నానా."

"అయినా ఏడ్చావా?"

"ఏడుపొచ్చింది నానా. అది చదివాక గట్టు సంగతి గుర్తు రాలేదు."

ఒపానిన్ బాడు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. కళ్ళజోడు కన్నా కళ్ళనే ఎక్కువసేపు తుడుచుకున్నట్టు ఎనోక్ కి అనిపించింది. తర్వాత ఆయన గొంతు మళ్ళీ మామూలు గొంతయింది, కోకో బస్తా తూకంలో తేడా కనిపెట్టిన గొంతు.

"ఎనోక్, ఈ పుస్తకంతో నేను ఆదివారం గుడికి రాను."

ఎనోక్ విడిచిన చెప్పుల వైపు చూశాడు. ఏడాది ప్రార్థనలూ ఉపవాసాలూ పాస్టర్ గారి ముఖమూ కళ్ళ ముందు తిరిగాయి.

"క్యాటకిస్టు పుస్తకం నేను దాచుకున్నాను. అది పదహారు పేజీలు. ఇది ఎనిమిది. ఏం, నేను అతనిలో సగమా?"

"లేదు నానా! స్కూల్లో కాగితం అయిపోయింది. మిగతా ఎనిమిదీ అక్కడ వరసలో నిలబడి ఉన్నాయి!"

"నిలబెట్టకు, తెప్పించు. పైన ఆ పిలుపూ గిలుపూ తీసేయ్, నన్నింకా ఎవరూ పిలవలేదు. లోపలి మాటలు మాత్రం ఒక్క అక్షరం ముట్టుకోకు. పోయాక చదివితే నాకేం వినబడుతుంది? బతికుండగానే గుళ్ళో చదవండి. ఎంతవరకు నిజమో కూర్చుని వింటాను. ఫోరివా, నీ నివాళి నువ్వే చదవాలి."

"నోరు తిరగదు నాకు," అంది ఫోరివా.

"రేపంతా సాధన చెయ్యి. నేనూ చేస్తాను." అని మాస్టర్ల వైపు తిరిగి, "ఆ మాల్టు ఎవరికోసం తెచ్చారు? తెరవండి," అన్నాడు.

ఆ సాయంత్రం రిచ్‌మండ్ ఫోన్లో చెబుతూ ఉంటే, చర్చి ప్రింటరుకి ఎవరూ లాక్కోలేని సొంత నంబరొకటి రౌటరులో కేటాయించి, సర్వరుకి ఆ కొత్త ఇంటి సంగతి తెలియజేశాడు ఎనోక్. ఈసారి ఒక్క కాపీకే నొక్కాడు. ప్రింటరు గురకపెట్టి, కాగితం బయటికి తోసింది. 'కోత పండుగ', కింద పూర్తి పేరు, పూర్తి మర్యాద, లోపల పదహారు పేజీలు. ప్రార్థన వల్లనా, నంబరు వల్లనా అని పాస్టర్ గారు అడగలేదు. ఎనోక్ చెప్పలేదు.

కానీ అప్పటికే ఒపానిన్ బాడు పోయాడన్న కబురు మాస్టర్ల ద్వారా సగం ఊరికీ, పోలేదన్న కబురు మిగతా సగానికీ చేరింది. ఆదివారం రెండు సగాలూ గుడికి వచ్చాయి, ఎవరి కబురు నిజమో తేల్చుకోవడానికి. బయట కిటికీల దగ్గర కూడా జనమే. ముసలాయన కారు దిగి తన కాళ్ళ మీద నడిచి లోపలికి వస్తుంటే కొందరు చప్పట్లు కొట్టారు, కొందరు నల్లగుడ్డలు సంచుల్లోకి తోసేసుకున్నారు. ఆయన గడప దగ్గర ఒక క్షణం ఆగాడు. తర్వాత దాటాడు. ముందు వరసలో కూర్చోబోతూ, ఇన్నేళ్ళుగా పలకరించని పెద్దలు ఇద్దరు కనిపిస్తే తానే వెళ్ళి చెయ్యి కలిపాడు. పుస్తకంలో అలా ఉంది మరి.

ఫోరివా నివాళి చదవడానికి లేచింది. 'నా భర్త బాడు ఏనాడూ గొంతు పెంచి ఎరగడు' దగ్గర ఆగిపోయింది. ముసలాయన చేతులు కట్టుకుని కప్పు వైపు చూస్తున్నాడు. ఫోరివా మనస్సాక్షితో కాసేపు బేరమాడుకుని, "శుక్రవారం మధ్యాహ్నం నుంచి," అని చేర్చి, హాయిగా మిగతాది చదివేసింది.

సోమవారం ఉదయం ఎనోక్ ఆఫీసు తలుపు తెరవడానికి వెళ్ళేసరికి సంఘం పెద్దలు నలుగురు వరండాలో నిలబడి ఉన్నారు, ఒక్కొక్కరి చేతిలో తన సొంత ఫొటో.